ఒకే తల్లి గుడ్లు

ఆ వీధిలోని అక్కాచెల్లెళ్ల గురించి ఎవరో తుంటరి అన్న మాట ఒకటి అందరి నోళ్లలోనూ నానిపోయింది: ఇద్దరూ సూదినే నమ్ముకున్నారు, కాకపోతే ఒకరిది గుడ్డ, ఒకరిది గుడ్డు. కింది వాటాలో చెల్లెలి కుట్టు దుకాణం, దాని వెనకాల వంటిల్లు. పై వాటాలో అక్క కాపురం, కాపురమంటే ఆమె, ఆమె పుస్తకాలు, గాజుమూతల పెట్టెలు. అక్క ముప్ఫై రెండేళ్లు మ్యూజియంలో, పురుగుల విభాగంలో పనిచేసి ఐదేళ్ల కిందట రిటైరైంది. సీతాకోకచిలుకను పట్టడం, రెక్కలు పరిచి ఆరబెట్టడం, గుండుసూదికి గుచ్చడం, అది ఎప్పుడు ఎక్కడ దొరికిందో చీటీ రాసి అదే సూదికి కిందుగా దిగేయడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను సూదుల మేడం అనేవారు. చెల్లెలికి అరవై దాటినా వీధి వీధంతా చిట్టి అనే పిలిచేది. ఒకామెకు పెళ్లి కాలేదు, ఒకామెకు అయి నిలవలేదు. రెండు పూటలా భోజనం మాత్రం ఇద్దరికీ చిట్టి వంటింట్లోనే.

సూదుల మేడం గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. కాని ఒక్క విషయంలో ఆమె తల కాస్త పైకి లేచేది. ముప్ఫై నాలుగేళ్ల కిందట ఆమె ఒక కొత్త సీతాకోకచిలుకను లోకానికి చూపించింది. నీలిది, చిన్నది, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. ఆ ఊరి గడ్డిలో ఎక్కడ పడితే అక్కడ ఎగిరే, పల్లేరు ఆకు తిని పెరిగే పల్లేరు నీలికి దగ్గరి చుట్టం. రెక్కలు విప్పితే రెండింటిదీ ఒకటే నీలం. మూస్తేనే తేడా తెలిసేది. పల్లేరు నీలికి రెక్కల అడుగున బూడిదరంగు మీద నల్లటి చుక్కలు, ప్రతి చుక్క చుట్టూ సన్నటి తెల్ల గీత, ఎవరో కొలిచి పెట్టినట్టు. ఈ కొత్తదానికి చుక్కలు మాసిపోయి, వాటి మీద కాఫీ ఒలికినట్టు గోధుమరంగు మరక. ఊరి చివర మూతపడిన రాతి క్వారీ వాలులో, వానలు లేని నెలల్లో మాత్రమే దొరికేది. మ్యూజియం వాళ్ల పత్రికలో దాని మీద ఆమె తొమ్మిది పేజీలు రాసింది. కొత్త జాతిని బయటపెట్టినవాళ్లకే దానికి పేరు పెట్టే హక్కు. ఆమె చెల్లెలి పేరుకు లాటిన్ తోక తగిలించి పెట్టింది. ఆ రోజుల్లో తను పట్టి తెచ్చిన చిలుకల గుడ్లను సీసాల్లో పొదిగించి, పురుగులను సాకి, రెక్కలు వచ్చేదాకా కాపలా కాసింది చిట్టే మరి.

అలా పేరు పెట్టినప్పుడు ఏ ఒక్క నమూనాను సాక్ష్యంగా చూపిస్తారో దాని సూదికి ఎర్ర చీటీ వేస్తారు. ఆ ఎర్ర చీటీ నమూనా ఇప్పటికీ మ్యూజియం రెండో అంతస్తులో, పదకొండో బీరువాలో ఉంది. దాని పుణ్యమా అని ఆమె తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు అయింది. సీతాకోకచిలుకల మీద పెద్దవాళ్లు రాసిన పుస్తకాల్లో ఆమె మాట ఒక అరపంక్తి అయినా దొరుకుతుంది. ఆమెకు అది చాలు.

ఒక ఆదివారం పొద్దున్న, ఆమె పాత కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఎండ ఉన్నా లేకపోయినా ఆ పిల్ల దగ్గర తెల్ల గొడుగు ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచి తలకిందులుగా పొద కింద పట్టుకుని కొమ్మ దులిపితే పురుగులన్నీ అందులో రాలతాయి. అందుకని మ్యూజియంలో ఆమె పేరు గొడుగమ్మాయి. ఆ రోజు గొడుగును గుమ్మం పక్కన ఆనించి, ఇచ్చిన టీ ముట్టుకోకుండా, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడింది. చెప్పాల్సింది చెప్పలేక నానా తంటాలు పడుతోందని సూదుల మేడంకి అర్థమైంది. ఏంటో చెప్పమ్మాయ్ అని తనే అడిగింది.

"తప్పుగా అనుకోకండి మేడం," అంది గొడుగమ్మాయి. "ఒక పల్లేరు నీలి ఆడదాన్ని పట్టి గుడ్లు పెట్టించాను. సగం పురుగుల్ని తడిలో పెంచాను, సగం పొడిలో. తడి పెట్టెలోంచి పల్లేరు నీలే వచ్చిందండి. పొడి పెట్టెలోంచి మీది వచ్చింది."

సూదుల మేడం నవ్వింది. ఆ నవ్వు నిజమైనదే. ఇలాంటివి ఆమె ఎన్ని చూడలేదు?

"గుడ్లు కలిసిపోయి ఉంటాయి," అంది.

ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఒక్క తల్లే అంది, ఆకులన్నీ లెన్సు కింద చూసే వేశానంది. రెండు జాతులు కావవి, వాన కాలానికి ఒక అంగీ, ఎండ కాలానికి ఒక అంగీ వేసుకునే ఒకే జాతి అయి ఉంటుందని మెల్లగా, తలవంచుకుని చెప్పింది. మీకు చెప్పకుండా రాయడం నాకు ఇష్టం లేదండీ, అందుకే వచ్చాను అంది.

రాయొద్దని మేడం అనలేదు. నలభై రోజులు ఆగమంది. తనే చేసి చూపిస్తానంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మొండికేసే మనిషి కాదామె. నాలుగో కాలు లేదని లెన్సు పెట్టి మరీ చూపించే మనిషి.

మర్నాడే పని మొదలుపెట్టింది. క్వారీ దగ్గరి నుంచి ఆరు పల్లేరు మొక్కలు వేళ్లతో సహా తవ్వి తెచ్చింది. అరవై అయిదేళ్ల వయసులో, ముళ్లు గుచ్చుకున్న వేళ్లతో, ఒక్కొక్క ఆకునూ కుంచెతో కడిగింది. కుండీల్లో నాటి, పల్చటి గుడ్డ కప్పి పది రోజులు అలాగే ఉంచింది. ముందే ఏ గుడ్డో ఆకుకు అంటుకుని ఉంటే ఈ పది రోజుల్లో పురుగై బయటపడాలి. ఏదీ పడలేదు. ఆ కప్పే గుడ్డ కత్తిరించి ఇచ్చింది చిట్టే. మళ్లీ మొదలుపెట్టావా అక్కా అని అడిగింది. ఇంకేదో కూడా అడగబోయి, నోట్లో గుండుసూదులు ఉన్నందుకో ఏమో, ఆగిపోయింది.

పదకొండో రోజు మేడం క్వారీ వాలుకు వెళ్లి ఒక ఆడ చిలుకను పట్టింది. మామూలు పల్లేరు నీలిని కాదు, మరక ఉన్నదాన్ని, అంటే తన జాతినే. దీని పిల్లలు తడిలో పెరిగినా పొడిలో పెరిగినా మరకతోనే పుట్టాలి. అప్పుడు ఆ గొడుగు పిల్లకు ఇంకో మాట ఉండదు.

ఆ చిలుక రెండు రోజుల్లో ఇరవై రెండు గుడ్లు పెట్టింది. ఒక్కొక్కటీ ఇసుకరేణువంత. లెన్సు కింద చూస్తే చొక్కా బొత్తాంలా బల్లపరుపుగా, లేత ఆకుపచ్చలోంచి తెలుపుకు తిరుగుతూ, ఒళ్లంతా సన్నటి గుంటలతో ముద్దుగా ఉన్నాయి. నాలుగో రోజున పురుగులు వచ్చాయి. వచ్చీ రాగానే ఆకుకు ఒక పక్కన పచ్చదనం మాత్రమే గీకి తిన్నాయి, ఆ చోట ఆకు అద్దంలా కనిపించింది. అప్పుడు వాటిని రెండు వంతులు చేసింది. పదకొండు స్నానాలగదిలో, రోజూ తడిగుడ్డ మార్చే పెట్టెలో. పదకొండు మేడ మీది రేకుల గదిలో, నీటిచుక్క తగలని పెట్టెలో. రెండింటికీ తాళం వేసి తాళంచెవులు మెడలో వేసుకుంది. మెడలో తాళాలేంటి అక్కా, ఎవరు ఎత్తుకుపోతారు ఆ పురుగుల్ని అని చిట్టి భోజనాల దగ్గర నవ్వింది.

ఆ రోజులు మేడంకి ఎంత బాగున్నాయో చెప్పలేం. పురుగులు ఆకుల్లో ఆకుల్లా, తల దాచుకుని, నత్తల్లా జారుతూ తినేవి. మొక్కలను గంటసేపు మేడ మీద పెడితే నల్లచీమలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పురుగుల వీపు మీద మీసాలతో మెల్లగా తట్టేవి. తట్టగానే పురుగు తోకవైపు నుంచి తియ్యటి చుక్క ఒకటి ఊరేది. చీమలు అది నాకి, పురుగును వదలకుండా కాపలా కాసేవి. ఆమె చేతిని కూడా కుట్టాయి. ముప్ఫై నాలుగేళ్ల కిందట ఈ పనంతా చిట్టికి వదిలేసి తాను వలలు పట్టుకుని తిరిగిందే గాని, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదని ఆమెకు తోచింది. పదమూడో రోజుకు పురుగులు తిండి మానేశాయి. ఆకు కిందికి చేరి, నడుముకు ఒక పట్టుపోగు చుట్టుకుని, కదలకుండా ప్యూపాలైపోయాయి. మధ్యలో కొన్ని చచ్చాయి. చివరికి పొడి పెట్టెలో తొమ్మిది, తడి పెట్టెలో ఎనిమిది మిగిలాయి.

ముందు పొడి పెట్టెలో కదలిక వచ్చింది. ఆ తర్వాత ఏడో రోజు పొద్దున్న ప్యూపా పైపొర గాజులా అయి, లోపల రెక్కల నీలం ముదురుగా కనిపించింది. ఎనిమిదిన్నరకు చిలుక బయటికి వచ్చింది. నలిగిన కాగితంలాంటి రెక్కలను వేలాడదీసుకుని, వాటిలోకి నెత్తురు ఎక్కించుకుంటూ పావుగంట కూర్చుంది. రెక్కలు మూసింది. మాసిన చుక్కలు, గోధుమరంగు మరక. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు. అన్నీ మరకవే. సూదుల మేడం ఆ పూట భోజనం రెండుసార్లు వడ్డించుకుంది. గొడుగమ్మాయికి ఫోను చేద్దామనుకుని, తడి పెట్టె కూడా తేలనీ, ఒకేసారి చెబుదాం అని ఆగింది.

మర్నాడు తొమ్మిది గంటలకు స్నానాలగదిలో మొదటిది పుట్టింది.

ఆమె బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని చూస్తోంది. రెక్కలు సాగాయి, ఆరాయి, మూసుకున్నాయి. బూడిదరంగు. దాని మీద నల్లని చుక్కలు. ఒక్కొక్క చుక్క చుట్టూ సన్నటి తెల్ల గీత.

ఆమె లెన్సు తుడుచుకుంది. కళ్లద్దాలు తుడుచుకుంది. గది తలుపు తీసి వెలుతురు రానిచ్చింది. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. తాళం తన మెడలో ఉంది. పది రోజులు గుడ్డ కప్పి ఉంచిన ఆకులు. తన చేత్తో పట్టిన ఒక్క తల్లి, మరక ఉన్న తల్లి. ఆ తల్లి కడుపున పల్లేరు నీలి పుట్టింది. పదింటికి ఇంకొకటి పుట్టింది, దానికీ చుక్కలే. తర్వాత రెండు ఒకేసారి. ప్రతిసారీ ఇది మాత్రం మరకతో వస్తుందని ఆమె ముందుకు వంగేది. ప్రతిసారీ ఎవరో చెంప మీద కొట్టినట్టు వెనక్కి వాలేది. అయిదోది రెక్కలు మూసేసరికి ఆమె లేచింది. కాసేపు గోడ పట్టుకుని నిలబడింది.

తొమ్మిది పేజీలు. ఎర్ర చీటీ. పెద్ద పుస్తకాల్లో ఆ అరపంక్తి. ముప్ఫై నాలుగేళ్లుగా ఎంతమంది దాన్ని చదివి, నమ్మి, తమ పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారో. ఆ చిలుక లేనే లేదు. ఎండకాలంలో పుట్టిన పల్లేరు నీలిని పట్టుకుని దానికో పేరు పెట్టింది తను.

మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. చేతిలో లెన్సు అలాగే ఉంది.

చిట్టి ఒక కోటుకు లోపలి గుడ్డ వేస్తోంది. దుకాణంలో ఇంకెవరూ లేరు. సూదుల మేడం కొలతలు తీసే స్టూలు మీద కూలబడి జరిగిందంతా చెప్పింది. ఒకే తల్లి, ఇరవై రెండు గుడ్లు, రెండు పెట్టెలు, రెండు రకాలు. చెబుతున్నంతసేపూ చెల్లెలి ముఖంలో ఆశ్చర్యం కోసం చూసింది. కనీసం అయ్యో అన్న మాట కోసం చూసింది. చిట్టి దారాన్ని పంటితో కొరికి, సూదిని కోటు మడతకు గుచ్చింది.

"అవి రెండూ ఒకటే కదక్కా," అంది.

మేడంకి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "నీకెలా తెలుసు?"

"అప్పట్లో పెంచింది నేనేగా. ఇస్త్రీ బల్ల పక్కన ఆవిరి తగిలేచోట ఒక సీసా పెట్టాను, బీరువా మీద ఒకటి పెట్టాను. ఇస్త్రీ పక్కన చుక్కలవి వచ్చాయి. బీరువా మీద మరకవి వచ్చాయి. రెండు సీసాల్లోనూ నువ్వు తెచ్చిన ఒక్క తల్లి గుడ్లే. నీకు చెప్పాను కదా."

"నాకెప్పుడు చెప్పావ్?"

"అప్పుడే. ఆ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నువ్వు పుస్తకంలో రాసుకున్నావు కూడా. పెన్సిలుతో."

లేదంది మేడం. అలాంటిది చెబితే తాను మరిచిపోయే మనిషినా అంది. ఆమె గొంతు పెద్దదైంది. చిట్టి వాదించలేదు. వెళ్లి చూసుకో అక్కా, నీ పుస్తకాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా అని కోటు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

సూదుల మేడం దగ్గర కాగితం పోవడమన్నది లేదు. ఏ ఏడాది పుస్తకం ఆ ఏడాది అట్ట మీద అంకె వేసి, వరసగా అలమరలో ఉంటుంది. ఆమె ఆ ఏడాది పుస్తకం తీసింది. చిట్టి మాట అబద్ధమని తేలుతుందని ఒక మూల ఆశ, అలా ఆశపడుతున్నందుకు సిగ్గు. పేజీలు తిప్పింది. క్వారీ వాలు, ఎండ తీవ్రత, గాలి, పట్టిన చిలుకల సంఖ్య. చిన్న చిన్న అక్షరాలు, ఇప్పటి చేతికన్నా నిలకడైన చేయి. ఒక పేజీ అడుగున, సిరాతో రాసినవాటి కింద, పెన్సిలుతో నాలుగు వరుసలు ఉన్నాయి.

"చిట్టి అంటోంది: రెండు సీసాల్లోనూ ఒకే తల్లి గుడ్లు. ఇస్త్రీ పక్కన చుక్కలు, బీరువా మీద మరక. గుడ్లు కలిసిపోయి ఉంటాయి. పేపరు పంపాక మళ్లీ చూడాలి."

చివరి మాట కింద రెండు గీతలు.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. అది తన రాతే. 'ళ్ల' కింద మెలిక అలా తిప్పేది ఈ ఇంట్లో తనొక్కతే. తేదీ చూసింది. ఆ తేదీకి సరిగ్గా పదకొండు రోజుల తర్వాత పేపరు పత్రికకు వెళ్లింది. తర్వాతి పేజీలు తిప్పింది, ఆ నెల, పై నెల, ఏడాది చివరిదాకా. మళ్లీ చూసినట్టు ఎక్కడా లేదు. పై ఏడాది పుస్తకం తీసి చూసింది. అందులో ఉద్యోగం పర్మనెంటు అయిన రోజు ఉంది, కొత్త సూక్ష్మదర్శిని వచ్చిన రోజు ఉంది. ఇది లేదు.

తప్పు చేశానని పొద్దున్న తెలిసినప్పుడు కాళ్ల కింద నేల కదిలింది. కాని అప్పుడు పట్టుకోవడానికి ఒక గోడైనా ఉంది: నాకు తెలియదు కదా అన్న గోడ. ఇప్పుడు అదీ కూలింది. నెల కిందట ఆ గొడుగు పిల్లతో తాను నవ్వుతూ అన్న మాట, ముప్ఫై నాలుగేళ్ల కిందట పెన్సిలుతో రాసుకున్న మాట, అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఆ ఏడాది చివర విభాగంలో తాత్కాలికంగా ఉన్న ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటారని అందరికీ తెలుసు. రెండోవాడు ముప్పొద్దులా పేడపురుగుల మీద పుస్తకం రాస్తూ కూర్చునేవాడు. అవన్నీ ఆమెకు గుర్తున్నాయి. అతని చెప్పుల చప్పుడు కూడా గుర్తుంది. చిట్టి ఈ మాట చెప్పడం మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు. మరిచిపోయిందా, మరిచిపోవాలని మరిచిపోయిందా? తన తలలో తనకు తెలియకుండా ఇంకెవరో కాపురం ఉన్నట్టు ఆమెకు అనిపించింది.

మధ్యాహ్నం భోజనానికి ఆమె కిందికి దిగలేదు. చిట్టే పైకి వచ్చింది. నేల మీద పరిచి ఉన్న పుస్తకాలను, వాటి మధ్య కూర్చున్న అక్కను చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఒక్కసారి చెప్పి ఎందుకు ఊరుకున్నావు, మళ్లీ ఎందుకు అనలేదు అని అడిగింది మేడం. అడిగే హక్కు తనకు లేదని తెలిసే అడిగింది.

"చెప్పగానే గుడ్లు కలిసిపోయి ఉంటాయన్నావు," అంది చిట్టి. "నేను పెంచినవి నేనే కలిపేసుకుంటానా అని కోపం వచ్చింది. చదువుకున్నదానివి, నీకు తెలియదా అని కూడా అనుకున్నాను. నాలుగు నెలలకు ఆ పత్రిక తెచ్చి నా పేరు చూపించావు." ఆమె కొంగుకు అంటుకున్న దారప్పోగు తీసి పారేసింది. "నా నోరు మూయించడానికి పెట్టావనుకున్నాను అక్కా."

ఆ పత్రిక తెచ్చిన రోజు సూదుల మేడంకి బాగా గుర్తుంది. చెల్లెలు ఆ పేజీని చాలాసేపు చూసి, మడిచి, కుట్టు మిషను సొరుగులో పెట్టుకుంది. ఆనందంతో మాట రాలేదని తాను అనుకుంది. ఆ తర్వాత చిట్టి ఒక్క పురుగునూ పెంచలేదు. పని ఎక్కువైంది, కళ్లు లాగుతున్నాయి అంటే నమ్మింది. రోజుకు రెండు పూటలు, ముప్ఫై నాలుగేళ్లు, ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఈ మాట మధ్యలో కూర్చునే ఉంది.

"ఇన్నేళ్లూ అలాగే అనుకున్నావా?"

"మొదట్లో రోజూ. తర్వాత్తర్వాత ఎప్పుడైనా."

"ప్రేమతోనే పెట్టాను చిట్టీ."

"అయ్యుండొచ్చు," అంది చిట్టి. "రెండూ అయ్యుండొచ్చు." లేచి, అన్నం చల్లారిపోతోంది రమ్మని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మేడం గొడుగమ్మాయికి ఫోను చేసి ఫలితం చెప్పింది. నువ్వు చెప్పిందే నిజం అంది. ఆ పిల్ల క్షమించమంది. ఎందుకు, పాపం చేసింది నువ్వు కాదుగా అంది మేడం. మనిద్దరి పేర్లతో కలిసి రాద్దామని ఆ పిల్ల అడిగింది. నీ పెంపకం గురించి నువ్వు విడిగా రాయమ్మాయ్, నాది నేను వేరే రాసుకోవాలి అంది. పెన్సిలు వరుసల సంగతి ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని మ్యూజియంకి వెళ్లి, ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టి, ఆ పిల్ల చదువుతున్నంతసేపూ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

తొమ్మిది పేజీలు రాయడానికి ఒకప్పుడు మూడు వారాలు పట్టింది. వాటిని వెనక్కి తీసుకునే ఒక్క పేజీ రాయడానికి ఆరు రోజులు పట్టింది. ఆరో రోజు ఆమె ఆ కాగితం పట్టుకుని కిందికి దిగింది. చిట్టి మిషను ఆపి వింది. కాగితంలో సంగతులన్నీ ఉన్నాయి: తల్లి ఎక్కడ దొరికింది, గుడ్లు ఎన్ని, ఏ పెట్టెలో ఏమి పుట్టింది. అందువల్ల తాను వేరే జాతి అని ప్రకటించినది పల్లేరు నీలి ఎండకాలపు రూపమేనని, ఆ పేరు ఇకమీదట చెల్లదని ఉంది. ఈ సంగతిని మొదట గమనించింది ఫలానా ఏడాది ఫలానా తేదీన తన చెల్లెలని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంది.

నీ పేరు ఒకచోట పోతుంది, ఒకచోట వస్తుంది, నీకు ఇష్టం లేకపోతే తీసేస్తానంది మేడం.

"ఉండనీ. ఇది నేను చేసిన పనే కదా," అంది చిట్టి. "ఆ వాక్యం ఇంకోసారి చదువు. తప్పు గురించి రాసిందే."

మేడం చదివింది. "తెలియక జరిగిన ఈ పొరపాటుకు పూర్తి బాధ్యత నాదే."

"తెలియక అన్న మాట తీసెయ్ అక్కా. తెలిసిందిగా. నేను చెప్పాగా."

ఆమె గొంతులో కోపం లేదు. చొక్కా చంక దగ్గర పట్టేస్తోంది, విప్పి కుట్టాలి అని చెప్పినట్టే చెప్పింది. సూదుల మేడం ఆ వాక్యం మళ్లీ చూసుకుంది. ఆ ఒక్క మాట కోసమే ఆరు రోజులు పట్టిందని, ఆ పేజీ అంతా దాని చుట్టూ అల్లిందేనని ఆమెకు అప్పుడు తెలిసింది. కొట్టేయడానికి పెన్ను వెతికింది. బల్ల మీద గుడ్డకు గీత పెట్టే సుద్ద తప్ప ఇంకేమీ కనబడలేదు. చిట్టి తన కొలతల పుస్తకంలోంచి పెన్ను తీసి ఇచ్చింది. ఆమె ఆ మాటను కొట్టేసింది. దాని పైన, చోటు చాలక వంకరగా, "చెప్పినా సరిచూడక" అని రాసింది. ఇప్పుడు వినమని మళ్లీ చదివింది. చిట్టి తలూపి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

రెండు నెలలకు అది అచ్చయింది. ఆ పేరును తమ పుస్తకాల్లోకి ఎక్కించినవాళ్లు కొందరు ఉత్తరాలు రాశారు, కొందరు రాయలేదు. ఒక పెద్దాయన, ఎప్పుడూ ఆమె పని మెచ్చుకునేవాడు, ఇలాంటివి ఒప్పుకోకుండా ఉంటేనే మ్యూజియంకి మర్యాద అని రాశాడు. ఆమె దానికి జవాబివ్వలేదు. మ్యూజియంలో పదకొండో బీరువాలో ఎర్ర చీటీ అలాగే ఉంది. తప్పైనా సరే దాన్ని తీయకూడదు, దాని కింద ఇంకో చీటీ చేర్చాలి. ఆ రెండో చీటీని గొడుగమ్మాయి రాస్తానంది గాని మేడం రాయనివ్వలేదు. భూతద్దం కింద, చిన్న అక్షరాలతో, తనే రాసింది. చిట్టిని కూడా రమ్మంది. రాలేదు. ఎవరికో కోటు కుట్టి ఇవ్వాల్సిన రోజంది.

పెట్టె మూసే ముందు సూదుల మేడం ఆ నమూనా రెక్కల అడుగుభాగాన్ని చాలాసేపు చూసింది. ఆ వారం తాను ఏ రోజు ఏ చొక్కా వేసుకుందో గుర్తుంది. క్వారీలో ఎన్నింటికి నీడ పడేదో గుర్తుంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పెన్సిలు పట్టుకోవడం గుర్తు రాలేదు. ఆ తర్వాత కూడా, మెట్లు దిగుతున్నప్పుడో, అన్నం కలుపుకుంటున్నప్పుడో, ఉలిక్కిపడినట్టు ఆగి ప్రయత్నిస్తూనే ఉంది. ఎదురుగా చిట్టి చూసి, ఏంటని అడగదు. ఇప్పటికీ ఆ రోజు ఆమెకు గుర్తు రాలేదు.